మామిడితోట చుట్టూ నడక

పోలేరమ్మకు అరవై దగ్గరపడుతున్నా, ఆమె నడిస్తే పక్కవాళ్లు పరుగెత్తాల్సిందే. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పని ఆమెది. బస్సెక్కదు, పాడుకుంటూ నడిచే వస్తుంది. అందుకే సీజను ముగిసిన సంబరానికి ఆడవాళ్లకు నడక పోటీ అనీ, మొదటి బహుమతి గ్రైండరనీ తెలియగానే, దాన్ని వంటింట్లో ఏ మూల పెట్టాలో కూడా తేల్చేసుకుంది.

గేటు దగ్గర మొదలై, పక్కనున్న పెద్ద మామిడితోట చుట్టూ తిరిగి మళ్లీ గేటుకే రావాలి. అందరికన్నా ముందు దూసుకుపోతుంటే టప్పున చెప్పు తెగింది. పిన్నీసు పెట్టుకునేలోగా అందరూ దాటిపోయారు. వెనక ఆయాసపడుతూ వచ్చింది దేవకమ్మ ఒక్కతే. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కాయలు కోస్తారు.

అక్కడ తోట కంచెలో మనిషి దూరేంత సందు ఉంది.

"అక్కా, ఈడ దూరినామంటే గేటుకాడ తేల్తాం. గ్రైండరు నీదే! సూసేదానికి కాకి గూడా లేదు," అంది దేవకమ్మ.

పోలేరమ్మ కళ్ల ముందు గ్రైండరు గిర్రున తిరిగింది.

"వద్దు మే. పిండి రుబ్బినప్పుడల్లా నాకీ సందే కనపడతాది. దోశ గొంతు దిగదు."

దేవకమ్మ దూరిపోయింది. పోలేరమ్మ చెప్పులు చేతబట్టి, బురదలో చపచపా అడుగులేస్తూ పాటెత్తుకుంది. ఓడిపోయిన మనిషికి ఇంత హుషారేమిటో ఆమెకే అర్థం కాలేదు.

గేటు కాస్త దూరంలో ఉందనగా పొద కదిలింది. ఒళ్లంతా గోక్కుంటూ దేవకమ్మ బయటపడింది.

"ఏం మే, ఇంకా ఈడే ఉండావా?"

"అందరికన్నా ముందు తేలినానక్కా! సెమట గూడా పట్టకుండా ఫస్టు పోతే ఎవరు నమ్మతారు? దాక్కుంటే సీమలు పీకినాయి."

పోలేరమ్మ నవ్వు ఆపుకోలేక రోడ్డు మీదే కూలబడింది. తీరా గేటువైపు బయలుదేరాక దేవకమ్మే ఆగిపోయింది.

"నేను తిరగలేదు గదక్కా. సప్పట్లు కొడితే మొగం యాడ పెట్టుకునేది?"

"అట్లయితే పోయి తిరుగు."

"ఒక్కదాన్నేనా?"

పోలేరమ్మ వెనక్కి తిరిగింది. ఇద్దరూ సందు దాకా పోయి, అక్కడి నుంచి మళ్లీ పూర్తిగా తిరిగి వచ్చారు, దారంతా ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ.

గ్రైండరు ఎవరింటికో వెళ్లిపోయింది. షామియానా తాళ్లు విప్పుతున్న గోవిందయ్య నోరెళ్లబెట్టాడు.

"యాడికి పోయినారమ్మా? పోటీ ఎప్పుడో అయిపాయ!"

"మాది ఇప్పుడే అయింది నాయనా!" అంటూ పోలేరమ్మ దేవకమ్మ చెయ్యి పట్టుకుని పైకెత్తింది. గోవిందయ్య తాళ్లు కిందపడేసి చప్పట్లు కొట్టాడు. దేవకమ్మ సిగ్గుపడలేదు, దర్జాగా దండం పెట్టింది.