ఒక సహోదరుని నడుము కోసం

సహోదరులారా, గోల్ఫ్ కర్రను ఎటువైపు పట్టుకోవాలో ఈనాటికీ నాకు తెలియదు, అయినా ఆ ఆట మా ఇంటిని తినేసింది. మాది చీరాలలో బట్టల కొట్టు, తాతదీ నాన్నదీ బాబాయిలదీ అదే వ్యాపారం, ఉయ్యాల్లో ఉన్నప్పుడే బేరాలు విన్నవాణ్ణి. ఐర్లండ్ వచ్చిన కొత్తలో సూపర్ మార్కెట్‌లో ఉల్లిపాయల ధర తగ్గించమని అడిగి నా భార్య కరుణను సిగ్గుతో చంపాను. ఇంత తెలివిగలవాణ్ణి నన్నెవరు మోసం చేయగలరు? ఎవరూ చేయలేదు, ఆ పని నేనే చేసుకున్నాను.

పోర్ట్‌లీష్‌లో నేను పనిచేసే పెట్రోల్ బంకు కొట్టుకు వచ్చేవాళ్ల మాటల్లో గోల్ఫ్ పందేల గురించి విన్నాను. గుర్రప్పందెం కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది, గోల్ఫ్ మాత్రం గురువారం మొదలై ఆదివారం దాకా సాగుతుంది, ఒక్కసారి డబ్బు పెడితే వారాంతమంతా ఆశ వస్తుంది కదా అని లెక్క వేశాను. పైగా మనం ఎంచుకున్నవాడు గెలవకపోయినా ముందు వరుసలో నిలిస్తే ఎంతోకొంత తిరిగి ఇచ్చే పందెం ఒకటుంది. అది చూడగానే ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నట్టు మురిసిపోయాను. కొట్టువాడి కొడుకును పట్టడానికి ఇంకేం కావాలి!

అదే సమయంలో మేము అద్దెకున్న ఇంటిని యజమాని అమ్మకానికి పెట్టాడు. ఆ ఇంటినే కొనుక్కుందామని, ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే కరుణ నైట్ డ్యూటీల మీద నైట్ డ్యూటీలు చేసి, ఇంటికి ముందుగా కట్టాల్సిన డిపాజిట్ కూడబెట్టింది, డబ్బు దగ్గర నేను గట్టివాణ్ణని నమ్మి ఆ ఖాతా నా చేతికిచ్చింది. ఆమె నిద్ర అమ్మి తెచ్చిన ఆ సొమ్మును నేను ఫోనులోంచి కొంచెం కొంచెంగా ఆ పచ్చగడ్డి మీద పారబోశాను. ఆదివారం ఆరాధనలో బైబిలు మధ్య ఫోను దాచుకుని స్కోరు చూసేవాణ్ణి, ఎక్కడో ఎవరో బంతిని గుంటలో వేస్తే ఇక్కడ నేను హల్లెలూయ అనేవాణ్ణి, పక్కనున్నవాళ్లు నా ఆత్మీయతకు సంతోషించేవారు.

చివరికి మిగిలినదంతా, కొన్ని వారాల్లో రాబోయే ఒక పెద్ద పోటీలో, ఒకే ఆటగాడి మీద పెట్టాలని తీర్మానించుకున్నాను. ఆయనకు నడుం నొప్పి అని తెలిసి అందరూ వెనకాడుతున్నారు, అందుకే ఆయన గెలిస్తే చాలా ఎక్కువ ఇస్తామని పందెం కంపెనీవాళ్లు అంటున్నారు. మచ్చపడిన గుడ్డ తాను చవగ్గా కొని, మచ్చ పోగొట్టి నిండు ధరకు అమ్మడం మా ఇంటి విద్య. ఈ మచ్చ పోగొట్టే పని దేవునికి అప్పగించాను! ప్రభువా, ఆయన నడుము బాగుచెయ్యి, దశమభాగం కాదు, అయిదో వంతు నీకే ఇస్తాను అని బేరం పెట్టాను.

అది చాలక, మా సంఘమంతా ఫోనులో కలుసుకునే శుక్రవారపు ఉపవాస ప్రార్థనలో మనవి కూడా ఇచ్చాను. నాకు తెలిసిన ఒక సహోదరుడు నడుం నొప్పితో బాధపడుతున్నాడు, ఆయనది వంగి లేచే పని, ఒక కుటుంబం ఆయన మీద ఆధారపడి ఉంది అన్నాను. ఒక్క మాటా అబద్ధం కాదు సహోదరులారా, ఆ కుటుంబం మాదేనని మాత్రం చెప్పలేదు. శుక్రవారం తరువాత శుక్రవారం సంఘం కన్నీళ్లతో ప్రార్థించింది, డ్యూటీ దిగి వచ్చిన కరుణ కూడా తిండి మానేసి నా పక్కన మోకరించింది.

ఆ పోటీ వచ్చింది. రెండో రోజు ఆట మధ్యలో ఆయన నడుము పట్టుకుని మైదానం విడిచి వెళ్లిపోయాడు. మా ఇల్లు కూడా ఆయనతోపాటే వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మా సంఘంలోని మరియమ్మ ఆంటీ మా ఇంటికి వచ్చింది. ఆమె వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టే పనిచేస్తుంది, ఆమె నడుము ఏనాడో అరిగిపోయింది. సంచిలోంచి తన నడుం బెల్టు తీసి నా చేతిలో పెట్టింది.

"ఆ అబ్బాయికి ఇచ్చెయ్ బాబూ. నేను దిండు పెట్టుకుని ఎట్టాగో సర్దుకుంటా, ఆయన పొద్దస్తమానం వంగి లేస్తాడంటివి గదా."

కరుణ టీ తెస్తూ, ఆయనది ఏ ఊరో చెప్పమంది, తమ ఆస్పత్రి ఫిజియోతో తానే మాట్లాడతానంది. దూరం అన్నాను. ఎంత దూరమంది. అమెరికా అన్నాను. "ఆయన పేరేంటండీ?" అంది. ఆ బెల్టు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.

కరుణ టీ ట్రే కింద పెట్టింది. మెల్లగా అంది: "ఇల్లు పోతే పోయిందండీ. నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ ప్రార్థనకి మీరు ఆమేన్ అన్నారు. అది నేనేం చేసుకోను?"



మరియమ్మ ఆంటీ తిడుతుందనుకున్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది. "నొప్పి తెలిసినదాన్ని గనక అడిగాను దేవుణ్ణి. ఆయన ఎవరైతే ఏం బాబూ, నడుం నడుమే. మరి ఇన్నాళ్లూ నీ కోసం ఎవరు ప్రార్థన చేశారు?"

ఎవరూ చేయలేదు, ఎందుకంటే నేనెవరినీ అడగలేదు! అప్పుడే నేలమీద కూలబడి, ప్రభువా, ఇచ్చేందుకు నా దగ్గర ఏమీ లేదు, అడిగేందుకు నాకు ముఖం లేదు, నన్ను విడిపించు అని వేడుకున్నాను. నా జీవితంలో బేరం లేని మొదటి ప్రార్థన అదే.

పందెం ఖాతాను ఆంటీ ఎదుటే మూయించాను, బ్యాంకు కార్డు కరుణకిచ్చాను, పాస్టరుగారు నా వెంట వచ్చి ఇలాంటి అలవాటు మానాలనుకునేవాళ్ల కూటంలో కూర్చోబెట్టారు. గురువారం వస్తే చాలాకాలం నా బొటనవేలు ఫోను కోసం తడుముకునేది, దేవుడు ఒక్కో గురువారాన్నీ దాటించాడు. ఆ ఆటగాడి నడుము తరువాత బాగైందట, ఒక పోటీ గెలిచాడట కూడా! అందులో నా డబ్బు లేదు, దేవునికే మహిమ!

ఆ ఇల్లు మాకు రాలేదు. మంగలి షాపు పైన చిన్న ఫ్లాట్‌లో ఉంటున్నాము. కరుణ నన్ను వెంటనే నమ్మలేదు, నమ్మమని నేను అడగలేదు. కానీ మొన్న శుక్రవారం ప్రార్థన మనవులు చెప్పే వేళ, నేను ఊహించకుండానే, ఆమె ఫోనులో అందరూ వింటుండగా నా పేరు చెప్పి, నా భర్త కోసం అంది. ఆ మూడు మాటల కోసం ఎన్ని ఇళ్లయినా వదులుకోవచ్చు.

ఇది చదువుతున్నవారిలో ఫోను దాచుకుని స్కోరు చూసేవాళ్లుంటే, ఎవరో సహోదరుని కోసమంటూ నాలాగా చుట్టు తిరిగి రాకండి. ఈ శుక్రవారం ప్రార్థనకు రండి, మీ సొంత పేరు చెప్పండి చాలు. ఆమేన్ అనడానికి మేమందరం ఉన్నాము.