పసుపు నీళ్లు తేల్చిన లెక్క

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో తొండూరులో మా బావ ఒక పాత పంపు కొని, బావి దగ్గర ఆయిల్ ఇంజనుకు తగిలించాడు. దాన్ని విప్పి, కడిగి, బిగించడానికి ప్రొద్దుటూరు పత్తి మిల్లులో ఇంజన్లు చూసుకునే నన్ను పిలిపించాడు. నేను బడికి పోయింది ఐదేళ్లే. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను, ఆ గర్వం ఉండేది.

పంపు లోపలి చక్రానికి ఆరు వంపు రెక్కలు. వాటి కొనలు నీళ్లు బయటికి పోయే మూతికి ఎదురు దిక్కు చూస్తున్నాయి. నీళ్లు రెక్క వెంటే జారుతాయి కదా, ఎవరో తలకిందులుగా బిగించారనుకున్నాను. ఆ చక్రం ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. కొనలు మూతి వైపు ఉండేలా తిప్పి బిగించాను.

ఇంజను మూలిగింది. నీళ్లు చిటికెన వేలంత లావున వచ్చాయి. ఉల్లినారు నాటి నాలుగు రోజులైంది, ఆ పూట తడి పెట్టకపోతే చేనంతా ఎండిపోతుంది.

"ఏంది బామ్మర్దీ, నీళ్లు పారిస్తాండావా, తీర్థం పోస్తాండావా?" అన్నాడు బావ.

బావి పక్కనే ఉన్న ఇంటి వసారాలో అక్క కందులు విసురుతోంది. నాకు ఒక ఆలోచన తట్టింది. "అక్కా, కందులు తీసేసి ఉత్త తిరగలి జోరుగా తిప్పు" అని, పైరాయి మీద నడిమి కంతకు పక్కగా చెంచాడు పసుపు నీళ్లు పోశాను.

"నీకేమైనా పిచ్చి పట్టిందా అబ్బీ?" అంటూనే బలంగా తిప్పింది. నీళ్లు చివ్వున ఎగిరి నా తెల్లచొక్కా మీద పడ్డాయి. రాయి ఆగాక చూస్తే, దాని మీద పసుపు చార వెనక్కి వంగి ఉంది. నేను కూర్చున్నదేమో రాయి అంచు తిరిగి వచ్చే దిక్కున, ముందు వైపు. రాయి మీద వెనక్కి జారిన నీళ్లే నేల మీద ముందుకు వచ్చి నన్ను కొట్టాయి!

కాగితం తీశాను. చక్రం అంచు సెకనుకు నలభై అడుగులు ముందుకు పోతుంది. రెక్క మీద నీళ్లు పదిహేను అడుగులు వెనక్కి జారుతాయి. నేల మీద నిలబడ్డవాడికి అవి ఇరవై ఐదు అడుగులు ముందుకే, అంటే మూతి వైపే. నేను నీళ్లను రెక్క మీద కూర్చున్నవాడిలా చూశాను, మూతినేమో గట్టు మీద నుంచి చూశాను. పాతవాడు బిగించిందే సరి.

"బావా, తప్పు నాదే" అని చక్రం మళ్లీ తిప్పి బిగించాను. ఇంజను మూలుగు ఆగింది. మోచేతి లావు ధార కాలవలోకి దుమికింది. బావ పంచె ఎగగట్టి, మళ్లకు నీళ్లు మళ్లించే మడవలు మార్చడానికి పరుగెత్తాడు.

అక్క గట్టు మీదికి వచ్చి నా చొక్కా చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "నలభై దాటినాక మళ్లీ పెండ్లికొడుకు మాదిరి ఉండావే! మీ ఆమెకు ఏం చెప్తావు?"

"లెక్క తప్పినానని చెప్తాలే" అన్నాను.

సాయంత్రానికి చివరి మడి కూడా తడిసింది.