దూలం మీద నేను రాసిన తేదీ

వంతెన మీద కారులో వెళ్లేవాళ్లకు భయం ఉండదు. కింద నిలబడి పైకి చూసేవాళ్లకే ఉంటుంది. ఆర్కన్సాలో మా ఊరి పక్క నది మీద ఒక హైవే వంతెన ఉంది. దాని బాగోగులు చూసే ఇంజినీర్లలో నేనొకదాన్ని. సాఫ్ట్‌వేర్ కాదని చెబితే మనవాళ్ల పార్టీల్లో నన్ను జాలిగా చూస్తారు. క్రేను లిఫ్టులో వంతెన అడుగున దూలాల దగ్గరికి వెళ్లినప్పుడు నెత్తి మీంచి ట్రక్కు పోతే ఉక్కంతా ఒక్కసారి వణుకుతుంది. ఆ వణుకు నా పళ్లలోకి దిగుతుంది. ఆరేళ్లయినా నాకు అలవాటు కాలేదు.

దీని పాత డ్రాయింగులు చూశాను. మొదట కట్టినప్పుడు రెండు లేన్లే. ట్రక్కులు పెరిగాక వెడల్పు చేసి, బలం కోసం దూలాల అడుగున ఉక్కు పలకలు వెల్డింగ్ చేశారు. అప్పటికది తెలివైన పనే. పలక ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే ఎన్నో ఏళ్ల తర్వాత పగుళ్లు మొదలవుతాయని వాళ్లకేం తెలుసు? ఇప్పుడు మా పనంతా ఆ చివర్ల చుట్టూనే. పావురాల రెట్ట గీకాలి, తుప్పు తోమాలి, టార్చి వేసి వెంట్రుకంత గీత కోసం వెతకాలి. గీత దొరికితే అది ఆగిన చోట మార్కరుతో అడ్డంగా గుర్తు పెట్టి, పక్కన తేదీ రాయాలి. తర్వాత వచ్చినవాళ్లు పగులు ఆ గుర్తును దాటిందా, దాటితే ఎన్నాళ్లలో దాటిందని చూస్తారు.

పోయిన నవంబరులో పెయింటింగ్ పనులు చూడటానికి వెళ్లినప్పుడు అలాంటి గీత ఒకటి కనబడింది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గుర్తు పెట్టి తేదీ రాశాను, 3/11 అని. ఫోటో తీసి పెయింటింగ్ ఫైల్లోనే పడేశాను.

జనవరి మధ్యలో వేరే టీమ్ వెళ్లి వచ్చింది. వాళ్ల రిపోర్టు సరిచూడమని నాకు పంపారు. మార్చిలో పెట్టిన గుర్తును పగులు రెండు వేళ్ల వెడల్పు దాటిందని, పది నెలల్లో ఇంతే కాబట్టి గమనిస్తూ ఉంటే చాలని రాశారు. ఏటా మామూలు తనిఖీ మార్చిలోనే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నేనూ ఓకే చేయబోతూ ఫోటో చూశాను. ఆ చేతిరాత నాది.

ఆరేళ్లుగా ప్రతి ఫారంలోనూ ఈ దేశం పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత రాస్తున్నాను. ఆ చలిలో మాత్రం చెయ్యి బళ్లో నేర్చుకున్నట్టే రాసేసింది. అది మార్చి పదకొండు కాదు, నవంబరు మూడు. పది నెలలు కాదు, పది వారాలు. పగులు మేం అనుకున్నదానికి నాలుగు రెట్లు వేగంగా పాకుతోంది. వంతెనను వెంటనే మూసేయాలి.

మా ఆయనకు ఫోన్ చేశాను.

"కంగారు పడకు. ముందు మళ్లీ చెక్ చేస్కో," అన్నాడు. "నీ హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు మిస్టేక్ నాదేనని మెయిల్ పెడతావా?" అంతలోనే గుర్తొచ్చి, "పాప స్కూల్ బస్ మూడుంబావుకి ఆ బ్రిడ్జి మీంచే కదా వచ్చేది?" అన్నాడు.

ఫోన్ పెట్టేసి నేను ముందుగా మాట్లాడింది మా టీమ్ లీడ్‌తో కాదు, స్కూలుతో. మా అమ్మాయిని ఈ రోజు బస్సెక్కించవద్దు, నేనే వస్తానని చెప్పాను. తర్వాత పన్నెండు నిమిషాలు కుర్చీలోనే ఉన్నాను. తేదీ విషయంలో ఏదో చిన్న గందరగోళం జరిగినట్టుందని మెయిల్ మొదలుపెట్టి, చెరిపి, మళ్లీ మొదలుపెట్టాను. గందరగోళం జరిగిందట, దానంతటదే! ఉద్యోగం పోతుందని భయం, వీసా పోతుందని భయం. చివరికి లీడ్ గదికి వెళ్లాను.

ఆయన జీవితమంతా వంతెనల కిందే గడిపిన పెద్దమనిషి. ఫోటో చూశాడు, నా మొహం చూశాడు, కోప్పడకుండా ఫోన్ తీసి వంతెన మూయమన్నాడు. తర్వాత, "ఇది ఎప్పుడు గమనించావు?" అని అడిగాడు.

"ఇప్పుడే," అన్నాను.

పోలీసులు రావాలి, అడ్డుకట్టలు పెట్టాలి. వంతెన మూసేసరికి మూడు ఇరవై అయిదైంది. మూడుంబావుకే బస్సు దాటింది, మా అమ్మాయి ఒక్కతే లేకుండా. పన్నెండు నిమిషాలు ముందు చెప్పి ఉంటే ఆ బస్సు ఇవతలే ఆగేది. వంతెనకు ఏమీ కాలేదు. పగులు ఇంకా పాకకుండా దాని చివర రంధ్రం చేసి, ఇరుపక్కలా పలకలు బిగించాక మళ్లీ తెరిచారు. ఉద్యోగమూ పోలేదు.

ఆ సాయంత్రం చుట్టుదారిలో ఇంటికి వస్తుంటే, రోడ్డు ఎందుకు మూశారని వెనక సీట్లోంచి మా అమ్మాయి అడిగింది. వంతెన పాడైందని చెప్పాను.

"అమ్మా, నీకు ముందే తెల్సా? మరి బస్‌లో నా ఫ్రెండ్స్ ఉన్నారు కదా. వాళ్ల మామ్స్‌కి కూడా కాల్ చేశావా?"

బస్సు దాటిపోయిందిలే, ఏం కాలేదు అన్నాను.