కండ్లు తెరిచిన గోడ

కొల్హార్ ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల ముడిసరుకు తయారు చేసే ఒక కంపెనీకి నేను పదహారేళ్లుగా గేటు కాపలాదారుని. పేరు నర్సింహులు. లోపలికి వచ్చే ప్రతివాడి జేబులూ తడిమి అగ్గిపెట్టె, లైటరు, బీడీకట్ట తీసి పక్కన పెట్టించడం నా పని. గొప్ప ఉద్యోగమేం కాదు. అయితే లోపల ఉన్న సరుకు ఏమిటో తెలిసినవాడెవడూ దీన్ని చిన్న పని అనడు. మా దగ్గర పనిచేసే సంగమేష్ జీవితంలో జరిగిన తప్పు ఎక్కడ మొదలైందని నన్నడిగితే నా గేటు దగ్గరే అంటాను. ముందే చెప్పేస్తున్నాను, ఈ ముసలాడు చివరిదాకా దాచాడని రేపు ఎవరూ అనకూడదు.

సంగమేష్‌ది దగ్గర్లోని కమఠాణ ఊరు. పొద్దున్నే షేర్ ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని వచ్చేవాడు. మా దగ్గర చేరకముందు వాడు పెయింటరు. పట్నంలో చౌబారా బురుజు దగ్గర పీరప్ప అనే బోర్డుల మేస్త్రి కింద పదేళ్లు పనిచేశాడు. కన్నడంలో కిరాణా దుకాణం, ఉర్దూలో దర్జీ కొట్టు, తెలుగులో చిట్‌ఫండు ఆఫీసు, ఏది కావాలంటే అది రాసేవాడు. చదవడం రాని భాషలో కూడా అక్షరాన్ని అందంగా నిలబెట్టేవాడు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, పీరప్ప దుకాణం మూసేశాడు, సంగమేష్ మా కంపెనీలో వచ్చి పడ్డాడు.

ఇక్కడ వాడి పనేమిటంటే, డ్రమ్ము మీద రేకు అచ్చు ఆనించి నల్లరంగు కొట్టి బ్యాచ్ నంబరు వెయ్యడం. పన్నెండేళ్లు అదే. చెయ్యి ఉన్న ఎవడైనా చెయ్యగల పని. మధ్యాహ్నం అన్నం తిన్నాక దుమ్ము పట్టిన డ్రమ్ము మీద తడి వేలితో ఏదో గీసేవాడు. ఒకసారి నెమలి, ఒకసారి గుర్రం, ఒకసారి బీడీ కోసం వాడి జేబు వెతుకుతున్న నేను. నేను నవ్వి ముగించేలోపే అరచేత్తో తుడిచేసేవాడు. "ఉంచరాదురా" అంటే "ఉంచి ఏం జేస్తవన్నా, డ్రమ్ము పోయేదే గదా" అనేవాడు. వాణ్ని చూస్తే నాకు కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

నిరుడు హైదరాబాద్ నుంచి అనూహ్య అనే మేడమ్ హెచ్‌ఆర్ మేనేజర్‌గా వచ్చింది. చిన్న వయసు, మంచి మనసు. మనిషి రోజంతా చేసే పనిలో తనదంటూ ఒక్కటైనా ఉండాలి, లేకపోతే లోపల ఎండిపోతాడు అని మీటింగు పెట్టి చెప్పింది. శుక్రవారం భోజనం తర్వాత అరగంట ఎవరికి నచ్చింది వాళ్లు చేసుకోవచ్చంది. సగం మంది ఆ అరగంట గుర్రుపెట్టి నిద్రపోయారు. అది వాళ్లకు నచ్చింది మరి, తప్పేముంది. కొందరు పాటలు పాడారు, ఒకడు కుండీల్లో బంతి మొక్కలు పెట్టాడు. సంగమేష్ మాత్రం మూల నిలబడి గోర్లకు పట్టిన నల్లరంగు గీక్కుంటూ ఉండిపోయాడు.

మేడమ్ కళ్లు వాడి మీద పడ్డాయి. వాడి సంగతి కనుక్కుని గోడ ఒకటి చూపించింది. అది సాల్వెంటు గోదాము, అంటే నిప్పురవ్వ తగిలితే భగ్గుమనే ద్రావకం దాచే గోదాము, వెనక గోడ. మధ్యాహ్నం అక్కడ నీడ ఉంటుంది కాబట్టి అందరూ చేరేది అక్కడే, గుట్కా ఉమ్మేదీ అక్కడే. సేఫ్టీ ఆఫీసరు జీవరాజ్ జరిమానాలు వేసి వేసి అలసిపోయాడు. దేవుడి బొమ్మ వేస్తే ఉమ్మరు కదా అన్నది మేడమ్. ఊరంతా చేసేదే, మెట్ల మూలల్లో, ఆఫీసు గోడల మీద చూస్తూనే ఉంటాం.

సంగమేష్ ఎల్లమ్మను వేస్తానన్నాడు. తొమ్మిది రోజులు నంబర్ల పని మాని అదే పని. ఆ తొమ్మిది రోజులూ గేటు దగ్గర వాడు నాతో మాట్లాడిన తీరే వేరు. ఎర్రమట్టిలో ఏం కలిపితే అమ్మవారి ఒంటి రంగు వచ్చిందో చెప్పేవాడు, ముక్కుపుడక దగ్గర కుంచె ఎలా తిప్పాడో గాలిలో తిప్పి చూపించేవాడు. నలభై ఏళ్ల మనిషికి మళ్లీ కొత్తగా పెళ్లయినట్టుండేది చూడటానికి.

ఇక్కడ పీరప్ప మాట ఒకటి చెప్పాలి. ఉమ్మకుండా వేసే దేవుడి బొమ్మకు కండ్లు తెరవకూడదని ఆయన శిష్యులకు నేర్పాడు. రెప్పలు వాల్చి వేసి వదిలెయ్యాలి. అప్పుడది బొమ్మగానే ఉంటుంది. కనుపాపలు దిద్దితే అమ్మ దిగుతుంది, దిగినాక ధూపదీపాలు తప్పవు, గోడకు ఎవరు చేస్తారవి అనేవాడు. ఈ కట్టుబాటు సంగమేష్ కూడా పదేళ్లు పాటించాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి వాడు నిచ్చెన మీద ఉన్నాడు. అప్పటికే ఒక కన్ను అయిపోయింది.

"పీరప్ప జెప్పింది యాదికి లేదార?" అన్నాను.

"యాదికుందన్నా. పన్నెండేండ్ల సంది నంబర్లే ఏసిన. గిదొక్కటన్న పూరా ఏస్త. సగం కన్ను ఏసి దిగుమంటె నాతోని గాదు."

రెండో కన్ను దిద్ది దిగాడు. ఎక్కడ నిలబడ్డా ఆ తల్లి మనవైపే చూస్తున్నట్టుంది. ప్యాకింగ్ సెక్షన్‌లో పెద్ద మనిషి భాగ్యమ్మ, అందరూ అక్కా అని పిలిచే మనిషి, వచ్చి చూసి చెప్పులు విడిచింది. ఆమెను చూసి తక్కినవాళ్లూ విడిచారు.

మర్నాటి నుంచి ఉమ్మి లేదు. మూడో రోజు గోడకు పసుపు, కుంకుమ. మంగళవారం పొద్దున భాగ్యమ్మ నా గేటు దగ్గరికి అగరుబత్తీలు, అగ్గిపెట్టె చేతిలో పట్టుకునే వచ్చింది. దాచుకుని తెస్తే పట్టుకునేవాణ్నే.

"బీడీకి గాదు నర్సింలు, అమ్మకు," అన్నది.

పదహారేళ్లలో మేనేజరు లైటరు కూడా వదలని నేను, "పో అక్కా" అన్నాను. కంచే చేను మేసింది. దేవుడి పనికి అడ్డం పడితే ఏమవుతుందోనన్న భయం తప్ప నాకు మరో ఆలోచనే రాలేదు. ఆ వారం అగరుబత్తి, తర్వాత వారం నూనె దీపం, ఆ తర్వాత కొబ్బరికాయ మీద కర్పూరం. అన్నీ నా చేతి కింద నుంచే లోపలికి పోయాయి.

మొదట్లో సంగమేష్ సంతోషం అంతా ఇంతా కాదు. "నా బొమ్మకు మొక్కుతున్నరన్నా" అని వచ్చి చెప్పాడు. పదిహేను రోజులకే వాడు రంగు లేని మొహంతో గేటు దగ్గరికొచ్చాడు. గోదాములో ఒక డ్రమ్ము మూత సడలి ఉందట. అది చూసి వాడు బిగించేలోగా నేలంతా వాసన. బయట ఆ గోడ ముందు కర్పూరం అప్పుడే ఆరిందట.

సాల్వెంటు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నీళ్లలా నేల మీద పాకుతుంది. అది బయటికి పోవడానికని గోడల అడుగున జాలీ కిటికీలు పెట్టారు. ఇది జీవరాజ్ మాకు ఏడాదికి రెండుసార్లు చెప్పే పాఠమే. ఎల్లమ్మ పాదాలు ఆ జాలీకి సరిగ్గా జానెడు పైన ఉన్నాయి. కర్పూరం వెలిగించేది ఆ పాదాల దగ్గర.

సంగమేష్ ఈ సంగతి జీవరాజ్‌కు చెప్పాడు. ఆయన "అగ్ని నిషేధం" అని బోర్డు తగిలించాడు. శుక్రవారానికి ఆ బోర్డుకూ కుంకుమ బొట్టు పడింది. అటు పోతూ ఆ పెద్దమనిషి కూడా గుండె మీద చెయ్యి వేసుకుని దండం పెట్టుకోవడం నేను చూశాను.

అనూహ్య మేడమ్‌కు చెప్పడానికి వెళ్తే ఆమె వాడి కోసమే ఎదురుచూస్తోంది.

"సంగమేష్ గారూ, మన మిగతా నాలుగు యూనిట్లకూ మీ ఫొటోలు పంపించాను. అన్ని చోట్లా గోడలు మీరే వెయ్యాలంటున్నారు. వచ్చే నెల నుంచి మీ పోస్టే ఆర్టిస్టు. డ్రమ్ముల పని ఇక లేదు."

"మేడమ్, గోడ కాడ అగ్గి పెడ్తున్నరు. ఆపాలె."

"అది జీవరాజ్ గారు చూస్తున్నారు కదా. మీరు బొమ్మ సంగతి చూడండి."

ఆమె ఇచ్చిన ఆర్డరు కాగితం తెచ్చి నాకు చూపించాడు. ఇంగ్లీషులో ఉంది, ఇద్దరికీ రాదు, కానీ వాడి పేరు ఎక్కడుందో ఇద్దరం గుర్తుపట్టాం. ఆరోజు బస్టాండు వైపు పోయి అయిదు రకాల కుంచెలు కొనుక్కున్నాడు.

శ్రావణం వచ్చింది. రెండో శుక్రవారం నూటొక్క దీపాలతో పెద్ద పూజ అని భాగ్యమ్మ చాటింపు వేసినంత పని చేసింది. గురువారం లారీలో అరవై డ్రమ్ముల సాల్వెంటు దిగింది. గోదాము నిండి తలుపు వెయ్యడానికి చోటు చాలలేదు. సంగమేష్ భాగ్యమ్మ కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాడు.

"దీపాలొద్దక్కా. పూలు పెట్టున్రి, యాపాకు కట్టున్రి. అగ్గి మాత్రం వద్దు."

"కండ్లిచ్చినోనివి నువ్వే గదరా," అన్నది ఆమె, వాడి తల నిమురుతూ. "చూస్తాంది అమ్మ. చూస్తుంటె దీపం పెట్టకుంట ఎట్లుంటం?"

వాడు లేచి డ్రమ్ముల వైపు వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున ఆరింటికి, మొదటి షిఫ్టు వాళ్లింకా రాకముందే సంగమేష్ వచ్చాడు. ఒక చేతిలో సున్నం బకెట్టు, ఇంకో చేతిలో వెడల్పాటి బ్రష్షు. పూజకు కావలసినవన్నీ వదిలే నేను సున్నాన్ని ఆపుతానా. వాడి వెనకే నడిచాను. వాడు నిచ్చెన ఎక్కాడు. ఎయిర్‌ఫోర్సు విమానం ఒకటి తల మీద నుంచి పోయింది, అది పోయేదాకా ఆగాడు. తర్వాత మొదట కండ్ల మీద సున్నం కొట్టాడు. ఒక దెబ్బకు పోలేదు. ఎర్రటి రంగు సున్నంలోంచి పైకి తేలుతుంటే మూడుసార్లు పూశాడు. ఏడుస్తూ పూశాడు, నాకు తెలియకూడదని మొహం తిప్పుకోలేదు కూడా.

వచ్చినవాళ్లు తెల్లగోడ చూసి కొయ్యబారిపోయారు. ఎవరూ వాణ్ని కొట్టలేదు. కొడితే బాగుండేదేమో. భాగ్యమ్మ దీపాల తట్ట నేల మీద పెట్టి కూలబడింది. ఆ రోజు నుంచి వాడి పక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్లు లేరు, ఆటోలో వాడి పక్క చోటు ఖాళీగా వచ్చేది. మేడమ్ కాగితం వెనక్కి తీసుకుంది. "ఇష్టం లేకపోతే నాతో చెప్పాల్సింది కదా" అన్నదట. ఆమె బాధపడింది, అబద్ధమెందుకు. వాడు మళ్లీ రేకు అచ్చు పట్టుకుని నంబర్లు వెయ్యడం మొదలుపెట్టాడు. డ్రమ్ముల మీద వేలితో గీయడం కూడా మానేశాడు.

పోనీ పీడ వదిలింది, వాడి కష్టానికి అరవై డ్రమ్ములూ క్షేమం అనుకున్నాను. పదహారు రోజులు అలాగే అనుకున్నాను.

పదిహేడో రోజు ప్యాకింగ్ మిషన్‌లో లీయా అనే పిల్ల వేలు నలిగింది. మిషన్ పాతది, అంతకుముందు కూడా ఇద్దరి వేళ్లు నలిగాయి. కానీ ఈసారి కారణం అందరికీ ముందే తెలుసు. మంగళవారం చూస్తే ఆ తెల్లగోడ మీద, కండ్లుండిన చోట, రెండు పెద్ద కుంకుమ బొట్లు. కింద జాలీ దగ్గర కర్పూరం, మునుపు బిళ్ల వెలిగించిన చోట ఇప్పుడు పళ్లెం నిండా. తప్పయింది తల్లీ అని చెంపలు వేసుకుంటున్నారు. బొమ్మ ఉన్నప్పుడు మొక్కినదానికన్నా భయంతో మొక్కేది ఎక్కువైంది.

సంగమేష్ నా గేటు దగ్గరికొచ్చి కుర్చీ పక్కన చతికిలబడ్డాడు.

"నాతోని అయింది నేను జేసిన అన్నా. బొమ్మ తుడిసిన, బొమ్మల పని పోయింది. ఇగ నాకాడ తుడువనీకి ఏం లేదు. అగ్గిపెట్టె నీ చేతులకెల్లే పోతాంది. నువ్వాపు."

"ఆపుతరా," అన్నాను. నిజంగానే ఆపుతాననుకున్నాను.

మొన్న మంగళవారం భాగ్యమ్మ పదకొండు మందిని వెంటబెట్టుకుని వచ్చింది. ముందు వరసలో లీయా, కట్టు కట్టిన చేత్తో పళ్లెం పట్టుకుని ఉంది. పళ్లెంలో కర్పూరం పొట్లాలు, అగ్గిపెట్టె. నేను కుర్చీలోంచి లేచాను. చెయ్యి అడ్డం పెట్టాను కూడా. భాగ్యమ్మ లీయా కట్టు వైపు ఒకసారి చూసి, తర్వాత నా చెయ్యి వైపు చూసింది. నా చేతికి అయిదు వేళ్లున్నాయి. ఇంటి దగ్గర నా కూతురికి ఏడో నెల.

గేటుకు లోపలివైపు సంగమేష్ నిలబడి నన్నే చూస్తున్నాడు. ఈ ఒక్క పని కోసం వాడు తన బతుకులో చేసిన ఒకే ఒక్క మంచి బొమ్మను తన చేత్తో చెరిపాడని నాకన్నా బాగా ఎవరికి తెలుసు. అయినా నా చెయ్యి దిగిపోయింది. "పోండ్రమ్మా" అన్నాను.

ఆడవాళ్లు గోదాము వైపు నడిచారు. సంగమేష్ గేటు గోడకు తగిలించిన, మంటలార్పే ఇసుక బకెట్టు తీసుకుని వాళ్ల వెనకే వెళ్లాడు. నేను గేటు మూశాను.