పేను పట్టని మట్టి

కినత్తుకడవు దాటి పొల్లాచ్చి దారిలో కొంచెం పోతే, కొబ్బరితోపు మధ్యలో ఉంటుంది రామక్కాళ్ ఇల్లు. ఆమె అనుమానం సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. కూరగాయలు అమ్మేవాళ్ళ తక్కెడను అటూ ఇటూ తిప్పి చూస్తుంది. ఎవరైనా ప్రసాదం పెడితే, నెయ్యి ఎవరింటిదో అడిగిగానీ నోట్లో వేసుకోదు. అవినాశి నుంచి కొత్తకోడలిగా వచ్చినప్పుడు అత్త చెన్నమ్మాళ్ ఇచ్చిన పాలను ముందు పిల్లికి పోసి చూసిందట! ఇది గిట్టనివాళ్ళు కట్టిన కథ కాదు, అత్తగారే చచ్చేదాకా నవ్వుతూ చెప్పుకున్న మాట.

అంతటి మనిషీ కళ్ళు మూసుకుని నమ్మింది తన నాటుకోళ్ళను. నమ్మదా మరి! ఊరందరి కోళ్ళకూ పేలు పట్టి ఈకలు రాలిపోతుంటే, ఆమె కోళ్ళు నిగనిగలాడుతూ తిరిగేవి. దానికి కారణం పశువుల కొట్టం వెనకమూల ఉన్న మట్టి. కొత్త కోడిని తెస్తే ముందు ఆ మట్టిలో పొర్లించాలని అత్త నేర్పింది. వాన పడితే అక్కడ ఒక ముక్కిపోయిన వాసన లేచేది. "అది భూదేవి మూల, చెప్పులు విడిచి పో" అనేది అత్త. ఇరుగుపొరుగు అడిగితే చేటతో ఎత్తి ఇచ్చేది గానీ, దీపం పెట్టాక మాత్రం ఉప్పూ సూదీ లాగే ఆ మట్టినీ గడప దాటనిచ్చేది కాదు. అత్త పోయాక రామక్కాళ్ ఆ ఆచారాన్ని పొల్లుపోకుండా నడిపింది.

కోడలు కలైసెల్వి ఆడపిల్లను కన్నది. బాలింతకు బలం రావాలని రామక్కాళ్ రోజూ గుడ్డు ఉడకబెట్టి, దగ్గర కూర్చుని తినిపించేది. మిగిలిన గుడ్లను కోయంబత్తూరు నుంచి వచ్చే వ్యాపారి పట్టుకుపోయేవాడు. ఒకనాడు అతను రాలేదు. అతని బదులు, అతను కొన్న గుడ్లను పరీక్ష చేసే అమ్మాయి లక్ష్మిప్రియ వచ్చి, చాప మీద కూర్చుని మెల్లగా చెప్పింది.

"అమ్మా, మీ గుడ్డులో విషం ఉండాది. ఎప్పుడో సర్కారు ఆపేసిన పురుగుమందు. ఇంట్లో ఎవరూ తినొద్దు."

రామక్కాళ్ చూపు మొదట ఉయ్యాల మీదకు పోయింది. పసిది నిద్రపోతోంది. ఆ వెంటనే నోరు లేచింది.

"నేను ఒక చుక్క కొట్టినానా? సత్తియమా లేదు! ఇది ఆ అయ్యసామి పని. కంచె అవతల ఏందేందో కొడతా ఉండాడు. ఆ గాలి నా కోళ్ళ మీద పడతా ఉండాది."

అయ్యసామి పక్కతోపు రైతు. ఒకప్పుడు ఇంట్లోవాడిలా వచ్చిపోయేవాడు. గట్టు మీది కొబ్బరిచెట్టు ఎవరిదనే దగ్గర మాటా మాటా పెరిగి, రెండిళ్ళకూ మాటలు లేకుండా పోయాయి. ఇప్పుడు రామక్కాళ్‌కు అతను ఏం చేసినా తప్పుగానే తోచింది. స్ప్రేయర్ భుజానికెత్తుకుంటే, "అదుగో!" అనేది. ఎత్తకపోతే, "చూసినారా, పట్టుబడతానని దాచినాడు" అనేది. అతను దగ్గినా అనుమానమే, ఊరకున్నా అనుమానమే. టీకొట్టు ముందు పదిమందిలో నిలబడి, "నా మనవరాలి నోట్లో మన్ను కొట్టే పాపి" అని కేకలేసింది. అయ్యసామి తుండుగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు.

"గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నాడు, చూడు!" అంది ఇంటికొచ్చి కోడలితో.

"ఆయన తడుముకోలేదు కద అత్తా, ఊరికే పోయినాడు" అంది కలైసెల్వి.

"ఊరికే పోయేవాళ్ళనే నమ్మకూడదు."

ఊరుకోలేక లక్ష్మిప్రియకు ఫోన్ చేసింది. మా ఇంటి మట్టీ తియ్యి, వాడింటి మట్టీ తియ్యి, నిజం తేలిపోనీ అని పట్టుబట్టింది. ఆ అమ్మాయి రెండు తోపుల్లో, రెండు కోళ్ళగూళ్ళలో మట్టి తీసి సంచుల్లో కట్టుకుపోయింది. మళ్ళీ వచ్చేదాకా రామక్కాళ్‌కు అన్నం సయించలేదు. పసిది కొంచెం ఎక్కువ ఏడ్చినా ఉలిక్కిపడి లేచేది.

లక్ష్మిప్రియ వచ్చి చెప్పింది: "అయ్యసామి తోపులో ఆ మందు లేదమ్మా. ఆయన కోళ్ళగూట్లో మాత్రం ఉండాది."

"చెప్పినానా లేదా!" రామక్కాళ్ చేతులు చరిచింది. "ఆ దొంగ గూట్లోనే దాచినాడు!"

"ఉండమ్మా. మీ గూట్లో అంతకంటే ఎక్కువ ఉండాది. అన్నిటికంటే ఎక్కువ మీ కొట్టం వెనకమూల. మునుపు అక్కడ ఏముండేది?"

"ఏముంటాది? ఏమీ లేదు. మా మామ కొబ్బరిచెట్లకు మందు కలిపే చోటు, అంతే."

"ఏమి మందు?"

"మందమ్మా, మందు! కొమ్ముపురుగుకు. తెల్లపొడి. ఇసకలో కలిపి మొవ్వులో వేసేవాళ్ళు. సర్కారు వద్దన్నాక, మిగిలిన మూటల్ని వీధిలో పారేస్తే ఎవరికన్నా కీడని ఆ మూలనే పూడ్చేసినారు. అది విషం కాదు, మందు కద..."

అంటూ అంటూనే ఆమె గొంతు తగ్గిపోయింది. ఆమె కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో దాన్ని మందు అనే అన్నారు. జ్వరానికి వేసేదీ మందే, పురుగుకు చల్లేదీ మందే. మందు పాతిన చోట కోళ్ళకు పేలు పట్టకపోతే భూదేవి మహిమ అనుకోక ఏమనుకుంటారు?

"వాన దాన్ని కడిగెయ్యలేదమ్మా, ఎండ మాడ్చలేదు," అంది లక్ష్మిప్రియ. "పురుగును చంపి ఊరుకోదు. మట్టిలో ఏళ్ళకేళ్ళు ఉంటాది. ఆ మట్టిలో గింజలు ఏరుకునే కోడి కొవ్వులో చేరతాది, ఆడనుంచి పచ్చసొనలోకి, తిన్న తల్లి పాలలోకి. అందుకే ఆపేసినారు. ఆపితే కొత్తగా రాదు, అంతే. పూడ్చింది యాడికీ పోదు."

"పాలలోకా?" రామక్కాళ్ గోడ పట్టుకుని కూలబడింది. తన చేత్తో, ఒలిచి ఒలిచి తినిపించింది!

"పాపకు పాలు మానిపించొద్దు, తల్లిపాలు మంచిదే. గుడ్లు మానిపించండి. ఆ మూలకు కోళ్ళను పోనీకండి. మట్టి ఎట్ట తియ్యాలో ఆఫీసువాళ్ళను అడిగి చెప్తాను. మరి ఆయన గూట్లోకి ఎట్ట వచ్చిందో తెలియడం లేదు."

రామక్కాళ్‌కు తెలుసు. తగవుకు ముందు ఏడాది, అయ్యసామి కోళ్ళకు పేలు పట్టాయని వస్తే, తానే చేటలకు చేటలు ఎత్తి గంపలో పోసింది. పొద్దుగూకక ముందే తీసుకుపొమ్మని తొందరపెట్టింది కూడా. కంచే చేను మేసిందంటే ఇదే కదా!

కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా కంచె దాటి పోయింది. అయ్యసామి వసారాలో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. పుట్టింటికి పురిటికొచ్చిన అతని కూతురు రాసాత్తి నిండు కడుపుతో కూర్చుని, ఉడికిన గుడ్డు పెంకు తీస్తోంది.

"తినొద్దమ్మా! పారెయ్యి!" అని అరిచింది రామక్కాళ్.

అయ్యసామి లేచి అడ్డం నిలబడ్డాడు. "ఏందక్కా ఇది? వీధిలో పరువు తీసింది చాలదని ఇంట్లోకే వచ్చినావా?"

"అయ్యసామీ, తప్పు నాది. విషం నీది కాదు, మా మూలలోది. నేను నీకిచ్చిన మట్టిలో ఉండాది. నీ గుడ్డులో కూడా ఉంటాది."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "మొన్నటిదాకా నేను పాపిని. ఇప్పుడు ఉన్నట్టుండి నువ్వే పాపివా? నీ గుడ్లు పోయినాయి, ఇక నా గుడ్లూ పోవాలని చూస్తా ఉండావు. నీ సంగతి నాకు తెలియదా అక్కా? నీ మాట నేను నమ్మను, పో."

ఆ మాట సూటిగా తగిలింది. ఎన్ని ఏళ్ళు ఎంతమందిని ఇలా తరిమిందో ఆమెకు లెక్క లేదు. ఏడుపు పొంగుకొచ్చింది. దాచుకోలేదు.

"నమ్మొద్దు సామీ, నన్ను నమ్మొద్దు. ఎంత కావాలంటే అంత అనుమానించు. కానీ నేనిచ్చిన మట్టిని కూడా అనుమానించు. ఆ పరీక్ష పిల్ల మా ఇంట్లోనే ఉండాది, వచ్చి నువ్వే అడుగు. అంతదాకా నీ బిడ్డకు ఆ గుడ్డు పెట్టొద్దు, నీ కాళ్ళు పట్టుకుంటాను."

అయ్యసామి కదల్లేదు. అతని వెనక రాసాత్తి, నోటిదాకా ఎత్తిన గుడ్డును దించి పళ్ళెంలో పెట్టేసింది.