మునిశామప్ప చెప్పిన తుక్కు

లోకేశ్ రోజూ పొద్దున తన అంగడికి పోతూ ఒక వీధి మీదుగా చుట్టు తిరిగి పోతాడు. ఆ వీధిలో స్నేహితుడు అంబరీష్ ఇల్లుంది. ఇంటి పక్క రేకుల కొట్టంలో పాత యెజ్డీ మోటారు సైకిలు ఉంది. లోకేశ్ స్కూటరు వేగం తగ్గించి, తననెవరూ చూడడం లేదనుకున్నాక దాని వైపు ఒక చూపు చూస్తాడు. నిన్నటికంటే ఎక్కడైనా కొత్తగా మెరుస్తుంటే ఆ పూట అతనికి కాఫీ రుచించదు.

కర్ణాటకలోని చింతామణిలో బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాళ్లలో లోకేశ్‌ది మంచి చెయ్యి. పాత యెజ్డీ ఒకటి చవకగా కొని, నట్టు నట్టూ విప్పి, తన చేత్తోనే బాగు చేసుకోవాలని ఐటీఐ చదివిన రోజుల నుంచీ కోరిక. బండి దొరక్కముందే చిక్కబళ్లాపురం పాత సామాన్ల గుజిరీలో దాని పెట్రోలు ట్యాంకు కనబడితే కొనేశాడు.

"పెండ్లికూతురు కుదరకుండానే తాళి చేపించుకొచ్చినారే!" అని భార్య నేత్ర నవ్వింది. అయినా ట్యాంకును తన పాత చీరలో చుట్టి అటక మీద పెట్టింది.

కొన్నాళ్లకు, మంచేనహళ్ళిలో మునిశామప్ప అనే రైతు పశువుల కొట్టంలో యెజ్డీ పడి ఉందని ఎవరో చెప్పారు. లోకేశ్ ఫోన్ చేశాడు.

"బండి ఉండాదప్పా. గానీ అంతా తుక్కే" అన్నాడు ముసలాయన.

తుక్కంటే తూకానికి వేసే పాత ఇనుమే కదా అని లోకేశ్ ఆశ వదులుకున్నాడు. సాయంత్రం టీ తాగుతూ ఆ మాటే అంబరీష్‌తో చెప్పుకున్నాడు. అంబరీష్‌ది జెరాక్సు అంగడి. స్పానరుకూ కటింగ్ ప్లేయరుకూ తేడా తెలియదు. కానీ అతని అత్తగారి ఊరు మంచేనహళ్ళి. కన్నడం బాగా కలిసిన అక్కడి మాటల్లో తుక్కంటే తుప్పని అతనికి తెలుసు.

ఆదివారం అత్తగారింటికని పోయిన అంబరీష్ టెంపోలో బండి వేసుకొచ్చాడు. పైన తుప్పు పట్టిందే తప్ప ఇంజను గట్టిగా ఉంది.

"నాకు చెప్పకుండా ఎట్ల కొంటివిరా?" అన్నాడు లోకేశ్.

"నువ్వే వద్దనుకొంటివి గదరా. ఆయప్ప తుప్పన్న్యాడు, నువ్వు తూకానికేస్తివి. దానికి నేనేం జేసేది?"

"నీకు బండి పనేం తెలుసునని?"

"తెల్దు. నువ్వుండావు గదా, నేర్పిస్తావులే!"

ఆ మాటే లోకేశ్‌కు ముల్లులా గుచ్చుకుంది. తను ఇన్నేళ్లు కలలు కన్న బండిని ఏమీ తెలియనివాడు తెచ్చుకోవడమే కాక, తన చేతనే బాగు చేయించుకుంటాడట! పని ఉందని చెప్పి ఒక్కరోజూ సాయానికి పోలేదు.

తుప్పు అసలు దెబ్బ పెట్రోలు ట్యాంకు మీద పడింది. అడుగంతా చిల్లులే. నేత్ర మాటల మధ్యలో అంబరీష్ భార్య శశికళకు అటక మీది ట్యాంకు సంగతి చెప్పింది. మర్నాడే అంబరీష్ ఇంటికొచ్చాడు.

"నీ తావ ట్యాంకుండాదంట గదరా. నాకియ్యిరా, కొనుక్కుంటాను."

"అదా?" లోకేశ్ గోడ వైపు చూశాడు. "అది ఉత్త తుక్కురా."

"యా తుక్కురా? నీ తుక్కా, మునిశామప్ప తుక్కా?"

కాఫీ గ్లాసులతో వచ్చిన నేత్రకు అతను సాకు చెబుతున్నాడని తెలియదు. "తుక్కేంది? మొన్న గూడ కిందికి దించి నూనె పూసి తుడస్తాంటిరి గదా!" అంది.

లోకేశ్ చెవులు వేడెక్కాయి. అంబరీష్ కాఫీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"సరేలేరా. నీకూ ఒక బండి దొరుకుతాది, దానికే ఉండనీ" అని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

అంబరీష్ ఊళ్లన్నీ తిరిగి వేరే ట్యాంకు సంపాదించాడు. ఒక మధ్యాహ్నం వైండింగ్ అంగడి ముందు యెజ్డీ జంట సైలెన్సర్ల చప్పుడు వినబడింది. మోటారు కోసం వచ్చినవాళ్లందరూ వీధిలోకి పరుగెత్తారు.

"లోకేశా, రారా! ఒక రౌండు పోయొద్దాం!"

"పనుండాదిరా" అన్నాడు లోకేశ్ తలెత్తకుండా. చేతిలోని రాగి తీగ పుటుక్కున తెగింది. ఆ చుట్టంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాడు.

లోకేశ్‌కు ఇప్పుడు నలభై దగ్గర పడుతున్నాయి. యెజ్డీ ఇంకా కొనలేదు. అంబరీష్ ఎన్నిసార్లు పిలిచినా, అతని బండి ఇంతవరకూ ఎక్కలేదు.