తప్పు లేని పేజీలు

కోవిల్‌పట్టి బస్టాండులో దిగితే మొదట తగిలేది బెల్లం పాకం వాసన. పోయిన వారం ఒక పెళ్ళికి వెళ్తూ అక్కడ బస్సు మారాను. పల్లీ మిఠాయి అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమే అయినా ఈసారి కొనకుండానే బస్సెక్కాను. ఆ ఊరి నుంచి ప్రతి సోమవారం ఒక పొట్లం మిఠాయి తెచ్చి మా అందరికీ పంచే మనిషి ఒకామె ఉండేది. పేరు రూతు. నేను రూతక్క అనేదాన్ని. ఇవాళ నేను చేసుకుని బతికే పనీ, ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలూ, రెండూ ఆమె ఇచ్చినవే.

తిరుత్తంగల్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు మడిచే పనికి చేరినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే కానీ బడిలో చదివింది అరవం. తెలుగు అక్షరం ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఆ ప్రెస్సులో ఆంధ్ర వైపు వెళ్ళే పిల్లల పుస్తకాలు అచ్చు వేసేవారు. వాటికి ప్రూఫులు దిద్దేది రూతక్క ఒక్కతే. చర్చిలో చదవడం కోసం వాళ్ళ నాయన నేర్చుకున్న తెలుగు అక్షరాలు ఆమెకు వచ్చాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక, పారేసిన కాగితాల వెనక వైపు రాసి అవే నాకు నేర్పింది. ఏడాది తిరిగేసరికి ముదలాళితో మాట్లాడి నన్ను తన బల్ల పక్కకు మార్పించుకుంది. యజమానిని మా వైపు ముదలాళి అంటాం.

ఆమె నేర్పే తీరే వేరు. మిఠాయి ముక్క నుంచి ఒక పల్లీ గిల్లి నోట్లో వేసుకుని, ఇది ఇంకా మిఠాయేనా అని అడిగేది. అవునంటే ఇంకొకటి గిల్లేది. ఒక్క పల్లీ తీసినంత మాత్రాన మిఠాయి కాకుండా పోదని ప్రతిసారీ నేనే ఒప్పుకునేదాన్ని. చివరికి కాగితం మీద రెండు పల్లీలు, కాస్త బెల్లం మిగిలేవి. మరి మిఠాయి ఏ పల్లీతో పోయింది అని అడిగేది. మడత పని ఆడవాళ్ళు నవ్వేవారు. నేను మాత్రం ఇల్లు చేరేదాకా ఆలోచిస్తూనే ఉండేదాన్ని.

ఒకరోజు అరపేజీ కాగితం చేతికిచ్చి తప్పులు పట్టమంది. రెండుసార్లు చదివాను. ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ సరిగ్గా ఉన్నాయి. అడుగున మాత్రం ఆమె చేతిరాతలో, ఈ కాగితంలో ఒక తప్పు ఉంది అని రాసి ఉంది. తప్పేమీ లేదక్కా అన్నాను. అయితే ఆ చివరి మాట అబద్ధం, అదే తప్పు కదా అంది. సరే, ఆ ఒక్క తప్పు అదే అన్నాను. ఆ మాట తప్పు ఉందని చెప్పింది, తప్పు దొరికింది, అంటే అది చెప్పింది నిజమే, నిజాన్ని తప్పని ఎలా కొట్టేస్తావు అంది. నేను పెన్సిలుతో ఆ మాట కొట్టేసి, మళ్ళీ ఆ గీత చెరిపేశాను.

"సూడు పాపా," అంది, "ఎంత సేపు సూసినా సిక్కనిది ఒకటి ఉంటుంది. మన కన్ను మీద మనకి పొగరు ఉండకూడదు."

బడులు తెరిచే ముందు ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. అక్షరాలు, ఎక్కాలు కలిపి వేసిన పిల్లల పుస్తకం. సగం పేజీలు నేను చూశాను, సగం ఆమె చూసింది. సంతకం మాత్రం అన్నిటి మీదా ఆమెదే. నా వంతులో పదమూడో ఎక్కం ఉంది. నాకు నోటికి వచ్చిన ఎక్కం కాబట్టి కంటితో చూడలేదు, నోటితో చెప్పుకుంటూ పోయాను. పక్కన పెన్సిలుతో నా గుర్తు పెట్టేశాను.

పుస్తకం మొత్తం సరిగ్గా ఉందా అని ముదలాళి అడిగాడు. ప్రతి పేజీ సరిగ్గా ఉందనే అనుకుంటున్నాను, అయినా పుస్తకంలో ఎక్కడో ఒక తప్పు ఉండే ఉంటుంది, ఇంకొక్క రోజు ఇవ్వండి అని రూతక్క అరవంలో చెప్పింది. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, లారీ వస్తోందని వెళ్ళిపోయాడు. ఆ రెండు మాటలూ ఎలా కుదురుతాయని నేను అడిగాను.

"నువ్వు బియ్యం ఏరతావు. పిడికెడు పిడికెడు సూసి, రాయి లేదనే కుండలో ఏస్తావు. ఐనా తినేటప్పుడు పంటి కింద రాయి పడదని ఒట్టేస్తావా? ఏయవు. రెండూ నిజమే."

ఆమె చెప్పిన చిక్కుల్లో నాకు వెంటనే అర్థమైంది అదొక్కటే.

నెల తిరక్కుండా ఫిర్యాదు వచ్చింది. పదమూడు ఏడ్లు తొంభై ఒకటి ఉండాల్సిన చోట అరవై ఒకటి అచ్చయింది. ముదలాళి అందరినీ మెషిన్ల దగ్గరికి పిలిచాడు. తప్పు ఉందని ఆ రోజే అన్నావు, తెలిసీ ఎందుకు సంతకం పెట్టావని రూతక్కను అడిగాడు. తెలియదంది. తెలియకుండా ఉందని ఎలా చెప్పావన్నాడు. ఆమె బియ్యం సంగతి చెప్పింది. మెషిన్ల దగ్గరి మగవాళ్ళు నవ్వారు. అయితే ఆ రోజు అబద్ధం చెప్పావు, లేదా ఇవాళ చెబుతున్నావు అన్నాడు ముదలాళి.

ఆ పేజీ నాదని నాకు తెలుసు. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదనీ తెలుసు. రెండు మాటలు చెబితే సరిపోయేది. నేను కింద పడి ఉన్న కాగితం ముక్కలు చూస్తూ నిలబడ్డాను. ముదలాళి ఆమెను పని మానేయమన్నాడు. ఆమె కళ్ళజోడు, అన్నం డబ్బా సంచిలో వేసుకుని మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. సోమవారం నన్ను ఆమె కుర్చీలో కూర్చోమన్నారు. కూర్చున్నాను.

ఆదివారం కోవిల్‌పట్టి వెళ్ళి ఆమెకు చెప్పేయాలనుకున్నాను. ఆ ఆదివారం కుదరలేదు. ఒక్క వారం ఆలస్యమైతే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ తర్వాతి వారమూ అదే అనుకున్నాను. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

చివరికి వెళ్ళేసరికి ఆమె తమ్ముడి ఇంట్లో ఉంది. చూపు బాగా తగ్గింది. గడప దగ్గర కూర్చుని, చేత్తో తడుముకుంటూనే అగ్గిపెట్టెల్లో పుల్లలు నింపుతోంది. గొంతు విని గుర్తు పట్టి, పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పేజీ నాదక్కా అని చెప్పాను.

"తెలుసు. పక్కన నీ పెన్సిలు గుర్తు సూసినా."

"మరి ముదలాళికి ఏంటికి చెప్పలేదు?"

"సంతకం నాది గదా."

ఒక పెట్టె నింపి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది. "బియ్యం మాట నీకు అర్థమయింది గదా, అప్పుడు?"

"అయింది."

"ఆయనకి అర్థం కాలేదు, సరి. నవ్వినోళ్ళకీ కాలేదు. నీకు అయింది పాపా. అది తలుసుకుంటేనే నాకు కష్టం."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది. అన్నం తిననిదే పంపలేదు. మరుసటి ఏడు ఆమె పోయిందన్న కబురు, సమాధి చేసిన పది రోజులకు నాకు అందింది.

ఇప్పుడు విరుదునగర్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫుల పని నా చేతి కింద నడుస్తోంది. నలుగురు అమ్మాయిలున్నారు. ఎవరు చూసిన పేజీ మీద వాళ్ళే పూర్తి పేరు రాయాలన్నది నేను పెట్టిన నియమం. కొత్తగా చేరిన వాళ్ళకు బియ్యం, రాయి సంగతి చెబుతాను. రూతక్క గురించి కూడా చెబుతాను. ఈ మధ్య చేరిన అమ్మాయి అంతా విని, అంతమంది ఉండి ఆమె తరఫున ఒక్కరూ మాట్లాడలేదా అని అడిగింది. అక్కడ ఎవరికీ అర్థం కాలేదమ్మా అన్నాను.